జేజి సందుగ

ఇంకో నాలుగు కందికట్టెలు ఎగదొయ్యి బిడ్డా, మంట సల్లారుతున్నది.

మా జేజి ముచ్చట చెప్తానంటి గదా. మాది గద్వాల దిక్కు, కృష్ణకు తుంగభద్రకు నడుమ ఉండే నడిగడ్డ. జేజి పేర గుంటెడు భూమి గూడ లేకుండె. అప్పట్ల ఆడదాని సొమ్మంటే ఏముంటది? టేకు సందుగ, అండ్ల చీరెలు, కాళ్లకు ఎండి కడియాలు, ఇంట్ల ఇత్తడి, కంచు. ఆ కొంచెం సొమ్మునే ఆమె పంచిన తీరు నేను మల్ల యాడ సూడలే.

ఒక సలికాలం మంచం పట్టింది. ఇగ లేవనని ఆమెకే తెలిసిపోయింది. కొడుకుల్ని బయట కూసోమని, బిడ్డల్ని, కోడండ్లను, మమ్ముల పిలిపించింది. "నేను పోయినంక గుంజుకుంటరు. నా చేతులతోనే ఇస్త" అన్నది.

ముందుగాల గిన్నెలు. పాత గిన్నెల మీద పేర్లు కొట్టిస్తుండ్రి, సన్నటి ఉలితోని సుక్కలు సుక్కలుగ. జేజికి అచ్చరం ముక్క రాదు. అయినా ఏలితో తడిమి, "ఇది మా నాయన పేరు, ఇది మీ తాత పేరు" అని చెప్తుండె. ఆ సుక్కలే ఆమెకు పట్టా కాయితాలు. పుట్టింటి పేరున్నయి బిడ్డలకు, అత్తింటి పేరున్నయి కోడండ్లకు. పెద్ద మేనత్తకు నీళ్ల గంగాళం, చిన్న మేనత్తకు రాగి బిందె, కంచు తలెలు. ఇత్తడి సర్వలు తీస్కున్న కోడండ్లను మాత్రం కలాయి పోయినంక పులుసు కాయొద్దని గట్టిగ చెప్పింది. కలాయాయన ఊరికొస్తే మేం పిల్లలం సుట్టూ మూగుతుంటిమి. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం సల్లి, తగరం అద్ది గుడ్డతోని రుద్దేటోడు. నల్లగున్నది కండ్ల ముందర తెల్లగయ్యేది. ఆ ఘాటు పొగ నాకింక యాదికున్నది.

కడియాలు ఎవరికీ ఇయ్యలే. అమ్మి తన దినాలకు ఖర్సు పెట్టమన్నది, కొడుకుల మీద అప్పు పడొద్దని.

చీరెలల్ల మడత ఇప్పని నూలు చీరె ఒకటి, తన కాన్పులన్ని చేసిన మంత్రసానికి. సందుగ అడుగున గద్వాల చీరె. ఒళ్లంత నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. నూలుపోగుకు పట్టుపోగు అతికి నేస్తరు గదా, ఎంత ఓపికుండాలె! అందరి కండ్లు దాని మీదనే. మా చిన్నమ్మ మూలకు కూసున్నది. మొగుడు పోయి, బొట్టు తీసేసి, తెల్లచీరెల ఉండె. జేజి ఆమెను దగ్గరికి పిలిచి ఆ చీరె ఒళ్లో పెట్టింది. "దాసుకుంటందుకు గాదు. నేను బతికుండంగనే కట్టి సూపియ్యి" అన్నది. ముసలోళ్లు గొణిగిండ్రు. జేజి ఆ దిక్కే సూడలే. చిన్నమ్మ ఏడ్సుకుంటనే లోపలికి పోయి కట్టుకొచ్చింది. ఆ రోజులల్ల అట్ల చెయ్యాలంటే గుండె ధైర్యం కావాలె బిడ్డా. తల్సుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తది.

మేనత్తలకు గిన్నెలొచ్చినయి గానీ భూమి రాలే. పండుగకు అన్నదమ్ములు చీరె పెడితే అదే పదివేలు. ఆడదాని పేర ఉన్న ఆస్తి పూర్తిగ ఆమెదే అని 1956ల చట్టమొచ్చింది. పేర ఉంటే గదా? తాతల నాటి ఆస్తిల బిడ్డలకు గూడ కొడుకులతోని సమానంగ వాటా అని ఎన్టీ రామారావు సర్కారు 1985 నుంచి అమలు చేసింది, అది గూడ అప్పటికి పెండ్లి గానోళ్లకే. 2005ల దేశమంతటికి ఆ హక్కు వచ్చేటాళ్లకు మా మేనత్తలు లేకపాయిరి.

అందుకే మీ తాత నా పేర కొన్న రెండెకరాలు మీ అమ్మకు, మీ చిన్నమ్మకు చెరొక ఎకరం రాసిచ్చిన. మీ మామకు ముందుగాలనే చెప్పిన, వాడు సరేనన్నడు. మొన్న ఏలిముద్ర గూడ ఏసొచ్చిన. గిన్నెలూ చీరెలూ అంటవా, సంక్రాంతికి అందరొచ్చినంక తీద్దాం.