పార్కిన్ ప్రతిరక్షకానికి గీటురాయి

జీవకణంలోని వేలాది ప్రోటీన్లలో ఏదో ఒకదాన్ని మాత్రమే పట్టి చూపడానికి ప్రయోగశాలలు వాడే ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, మొదట వైద్యుడి చేతిలో మందుగా ఉండి, తర్వాతి కాలంలో పరిశోధకుడి చేతిలో పనిముట్టుగా మారింది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాతో షిబసబురో డిఫ్తీరియా, ధనుర్వాతం విషాలకు తట్టుకొని నిలిచిన జంతువుల రక్తరసిలో ఆ విషాలను విరిచే గుణం ఉందని చూపారు. అయితే ఆ గుణం గల పదార్థం ఎలా నిర్మితమై ఉంటుందో వివరించినందుకు రాడ్నీ పోర్టర్, జెరాల్డ్ ఎడెల్మన్ నోబెల్ బహుమతి అందుకునేసరికి 1972 వచ్చింది.

అంతవరకూ ప్రతిరక్షకాల తయారీ జంతువుల మీద ఆధారపడిన వృత్తి. కుందేలుకు ఒక ప్రోటీన్‌ను సూదితో ఎక్కించి, కొన్ని వారాల తర్వాత తీసిన రక్తరసిలో ఆ ప్రోటీన్‌లోని వేర్వేరు చోట్లను పట్టుకునే అనేక ప్రతిరక్షకాలు కలగలిసి ఉండేవి. ఆ కుందేలు చనిపోతే సరుకు అక్కడితో అయిపోయేది, మరో కుందేలు రక్తరసి దానికి సరిసమానంగా ఉంటుందన్న భరోసా ఉండేది కాదు. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సెజార్ మిల్‌స్టీన్ ప్రతిరక్షకాన్ని తయారుచేసే ఎలుక కణాన్ని, ఆగకుండా విభజన చెందే క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా ఇవ్వగల హైబ్రిడోమా అనే సంకర కణాన్ని రూపొందించడంతో ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోకపోవడం తర్వాత బ్రిటన్‌లో పెద్ద వివాదమైంది గాని, ప్రయోగశాలల వైపు నుంచి చూస్తే అంతకు మించిన ఉపకారం లేదు.

ప్రతిరక్షకం పట్టుకున్నది ఏమిటో కంటికి చూపే విధానాన్ని 1979లో బాసెల్‌లో హ్యారీ టోబిన్ బృందం ప్రచురించింది. కణసారంలోని ప్రోటీన్లను జెల్ పలకలో విద్యుత్తుతో పరుగెత్తించి, పరిమాణాన్ని బట్టి విడదీసి, వాటిని పలుచని పొర మీదికి దించి, ఆ పొరను ప్రతిరక్షకంలో తడిపితే, వెతుకుతున్న ప్రోటీన్ ఉన్నచోట ఒక పట్టీ కనిపిస్తుంది. డీఎన్‌ఏ కోసం ఇలాంటి పద్ధతినే ముందుగా కనిపెట్టిన ఎడ్విన్ సదర్న్ ఇంటిపేరును దిక్కుగా మార్చి, అమెరికా పడమటి తీరాన సియాటిల్‌లో పనిచేస్తున్న నీల్ బర్నెట్ దీనికి వెస్టర్న్ బ్లాట్ అని పేరు పెట్టాడు. చమత్కారానికి అన్న మాట శాస్త్ర పరిభాషగా స్థిరపడిపోయింది.

ఇదే కాలంలో హైఫా నగరంలో అవ్రామ్ హెర్ష్కో, ఆరన్ సియెచనోవర్, అమెరికాలోని ఇర్విన్ రోజ్‌తో కలిసి, కణం తనకు అక్కరలేని ప్రోటీన్లను ఎలా ఏరి పారేస్తుందో తేల్చారు. 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గురుతుగా తగిలించుకున్న ప్రోటీన్ విచ్ఛిన్నానికి పోతుంది. ఆ గురుతును ఈ1 ఎంజైము సిద్ధం చేస్తే ఈ2 మోసుకువస్తుంది. దాన్ని ఏ ప్రోటీన్‌కు తగిలించాలో నిర్ణయించేది ఈ3, అంటే యుబిక్విటిన్ లైగేజ్. మనిషిలో ఈ1లు రెండే గాని, ఎంపిక పని చేసే ఈ3లు 600కు పైగా ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఒకే పోలిక గల భాగాలు ఉండటం వల్ల, ఒకదాని కోసం చేసిన ప్రతిరక్షకం మరొకదాన్ని పట్టుకునే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

పార్కిన్ చరిత్రలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న వయసులోనే పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు కనిపించే జపాన్ కుటుంబాలను పరిశీలించి, టోక్యోలో యోషికుని మిజునో, నొబుయోషి షిమిజుల బృందాలు 1998లో ఆ జన్యువును గుర్తించి, 465 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్‌కు వ్యాధి పేరునే కలిపి పార్కిన్ అన్నాయి. 1999లో దానికి ప్రతిరక్షకాలు తయారుచేసి, ఆరోగ్యవంతుల మెదడులో కనిపించిన ప్రోటీన్ ఈ రోగుల మెదడులో లేదని చూపారు. అది యుబిక్విటిన్ లైగేజ్ అని మరుసటి ఏడాది రుజువైంది. ప్రోటీన్ లేని మెదడులో మౌనంగా ఉండటమే ఇక్కడ ప్రతిరక్షకం నిజాయితీకి సాక్ష్యమైంది. పార్కిన్ బరువుకు సరిపోయే 52 కిలోడాల్టన్ల దగ్గర పట్టీ కనిపించినంత మాత్రాన అది పార్కిన్ అని చెప్పలేము, ఎందుకంటే అంతే బరువున్న ప్రోటీన్లు కణంలో ఎన్నో ఉంటాయి.

అయినా పార్కిన్‌ను మాత్రమే పట్టే సాధనాలు కొరవడి పరిశోధన కుంటుపడిందని 2003లో అమెరికన్ పరిశోధకులు కొందరు రాసి, ఎలుకల నుంచి పార్కిన్‌కు ప్రత్యేకమైన ఏకరూప ప్రతిరక్షకాల సముదాయాన్ని తయారుచేశారు. వాటితో వెతికితే మరో సంగతి బయటపడింది: యువకుల మెదడుతో పోలిస్తే వృద్ధుల మెదడులో, ఉప్పు ద్రావణంలో కరిగే పార్కిన్ తగ్గి, గట్టి డిటర్జెంటుకు గాని లొంగని పార్కిన్ పెరుగుతుంది. అంటే కణజాలాన్ని ఏ ద్రావణంలో నూరారన్న దాన్ని బట్టి, ఎంత మంచి ప్రతిరక్షకమైనా తన ప్రోటీన్‌ను చూడవచ్చు, చూడకనూ పోవచ్చు. ప్రతిరక్షకాన్ని నిందించే ముందు రోలును కూడా పరీక్షించాలన్నమాట.

రోగుల మెదడు అన్ని ప్రయోగశాలలకూ దొరికేది కాదు గనుక, ఆ గీటురాయి పాత్రను పార్కిన్ జన్యువును తీసేసిన ఎలుకలు కొంతవరకు, హీలా కణాలు మరికొంత పోషిస్తున్నాయి. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి ఆమె అనుమతి లేకుండానే తీసిన ఆ కణాల్లో పార్కిన్ దాదాపు కనిపించదు. ఆ జన్యువు ఆరో క్రోమోజోములో సులువుగా విరిగే చోట ఉండటం వల్ల క్యాన్సర్ కణాల్లో అది తరచు చెడిపోతూ ఉంటుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియా మీదికి పార్కిన్ చేరుతుందని 2008లో చూపిన ప్రయోగాల్లో బయటి నుంచి పార్కిన్‌ను చేర్చడానికి ఈ ఖాళీయే అనువైంది. అదే ఖాళీ ప్రతిరక్షకాల పరీక్షకూ పనికివస్తుంది: జెల్ మీద ఒక గాడిలో మామూలు హీలా సారాన్ని, పక్క గాడిలో పార్కిన్ చేర్చిన హీలా సారాన్ని పోసినప్పుడు, 52 దగ్గర మొదటి గాడి ఖాళీగా ఉండి, రెండోదానిలో మాత్రమే పట్టీ కనిపించాలి.