తెర మీద అక్షరమా, బొమ్మా?

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వకపోతే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ పరిశ్రమ పెట్టాడు. 2024లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. తెర మీది మాటలను చదివి వినిపిస్తూ చూపు లేనివారిని ఆఫీసు కుర్చీ దాకా తెచ్చిన స్క్రీన్ రీడర్ కథ మాత్రం అంతగా ఎవరికీ తెలీదు.

1980ల్లో ఐబీఎంలో జిమ్ థాచర్, అంధుడైన సహోద్యోగి జెస్సీ రైట్‌తో పనిచేస్తూ డాస్ తెరను చదివే ప్రోగ్రాం తయారుచేశాడు. 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చిన టెడ్ హెంటర్ ఒకప్పుడు మోటార్‌సైకిల్ రేసర్. కారు ప్రమాదంలో చూపు పోయింది. డాస్ తెర నిండా అక్షరాలే, చదవడం తేలిక. విండోస్ వచ్చాక అక్షరం కూడా బొమ్మే అయి కూర్చుంది. తెర మీదికి వెళ్లే ప్రతి మాటనూ దారిలోనే పట్టుకుని, ఏది ఎక్కడుందో లోపల గుర్తుపెట్టుకుంటే తప్ప జాస్‌కు నోరు పెగల్లేదు.

దాని ఖరీదు మామూలు ఉద్యోగికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కరన్ మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది, మరమనిషి మాట్లాడినట్టే అనుకోండి.

తెలుగు చిక్కు వేరు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటున్నా, డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లనే నమ్ముకున్నారు. వాటిలో కంటికి కనిపించేది తెలుగు, లోపల దాగినవి ఇంగ్లిషు గుర్తులు. స్క్రీన్ రీడర్‌కు అదంతా అర్థం లేని గోల.

ఆఫీసు మాటామంతీకి 2014లో స్లాక్, 2017లో టీమ్స్ వచ్చాయి, ఆ తర్వాత కరోనా. ఆఫీసంతా తెరలోకి వచ్చేసింది. టీమ్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎం నొక్కితే మైకు ఆగుతుంది. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, జెడ్ నొక్కితే స్క్రీన్ రీడర్‌కు దారి తెరుచుకుంటుంది. మీటింగులో మేనేజరు మాట్లాడుతుండగానే కొత్త మెసేజ్ వస్తే రెండు గొంతులూ ఒకేసారి చెవిలో పడతాయి. ఇక ఎవరైనా తమ స్క్రీన్ షేర్ చేశారా, అవతలికి వెళ్లేది వీడియోనే. చదవడానికి అందులో అక్షరం ఉండదు. పవర్‌పాయింట్ లైవ్‌లో పెట్టిన స్లైడ్లు మాత్రం చదవొచ్చు.

సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కానీ కృష్ణా జిల్లా ఘంటసాల లాంటి మండలాల్లో ఆఫీసు పనికి వాట్సాపే స్లాక్, వాట్సాపే టీమ్స్. అందులో తిరిగే సర్క్యులర్ మొదట కంప్యూటర్‌లో టైపు చేసిందే. ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఫోన్‌తో ఫొటో తీసేసరికి అది మళ్లీ బొమ్మ. గూగుల్ లెన్స్‌తో అక్షరాలు వెనక్కి రాబట్టొచ్చు గానీ, పట్టిక ఉంటే ఏ అంకె ఏ గడిదో పక్కవాళ్లను అడగాల్సిందే.