చౌక డెవలప్‌మెంట్ బోర్డులు

మైక్రోకంట్రోలర్‌నో ఎఫ్‌పీజీఏనో మధ్యలో పెట్టి, దానికి కావలసిన విద్యుత్ సరఫరా, క్లాక్, కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ సాకెట్, బయటి వైర్లు గుచ్చుకునేందుకు పిన్నుల వరసలు ముందే అమర్చి అమ్మే చిన్న సర్క్యూట్ పలకను డెవలప్‌మెంట్ బోర్డు అంటారు. మైక్రోకంట్రోలర్ అంటే ప్రాసెసర్, మెమరీ, ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నులు ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటర్. ప్రోగ్రాంలోని ఆదేశాలను ఒకదాని తర్వాత ఒకటిగా అమలు చేస్తుంది. ఎఫ్‌పీజీఏ సంగతి వేరు. అందులో వేలకొద్దీ చిన్న లాజిక్ గడులు, వాటిని ఎలాగైనా కలుపుకోగల తీగల వల ఉంటాయి. మనం రాసిన వర్ణన ప్రకారం అవి ఒక సర్క్యూట్‌గా మారతాయి. మర్నాడు అదే చిప్పును ఇంకో సర్క్యూట్‌గా మార్చుకోవచ్చు.

ఈ బోర్డుల చరిత్రను చిప్పుల ధరలు తగ్గిన కథగా చెప్పడం మామూలు. అది సగం నిజమే. చిప్పు ధర 1970ల నడుమే సామాన్యుడికి అందే స్థాయికి దిగివచ్చింది. 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శన సందర్భంగా మాస్ టెక్నాలజీ కంపెనీ తన 6502 ప్రాసెసర్‌ను 25 డాలర్లకే అమ్మింది. ఆ తర్వాత కూడా చాలాకాలం ఖరీదుగా మిగిలింది, రాసిన ప్రోగ్రాంను చిప్పులోకి ఎక్కించే పని. ఆ ఖర్చు తగ్గినప్పుడల్లా కొత్త తరం ఔత్సాహికులు లోపలికి వచ్చారు.

హెక్స్ కీప్యాడ్ల కాలం

6502ను ఇంజినీర్లకు పరిచయం చేయడానికి మాస్ టెక్నాలజీ 1976లో కిమ్-1 అనే బోర్డు తెచ్చింది. ధర 245 డాలర్లు. ఆరు అంకెల ఎరుపు డిస్‌ప్లే, చిన్న కీప్యాడ్, వెయ్యి బైట్లకు కాస్త ఎక్కువ ర్యామ్. ఇంజినీర్ల కోసం చేసినా, ఇంట్లో కంప్యూటర్ కావాలనుకున్న వాళ్లే దాన్ని ఎగబడి కొన్నారు. మరుసటి ఏడు ఇంటెల్ తన 8085 ప్రాసెసర్ కోసం ఎస్‌డీకే-85 కిట్ విడుదల చేసింది.

మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో దశాబ్దాల పాటు కనిపించిన 8085 ట్రైనర్ కిట్లు ఈ వంశానివే. అసెంబ్లీలో రాసుకున్న ప్రోగ్రాంను పట్టిక చూసుకుంటూ హెక్స్ అంకెల్లోకి మార్చి, చిరునామా వెంట చిరునామా కొట్టుకుంటూ పోవాలి. ఆగమని చెప్పే ఆదేశానికి కోడ్ 76. కరెంటు పోతే అంతా మళ్లీ మొదటి నుంచి. రెండు సంఖ్యలు కూడడానికి ల్యాబు గంటంతా పట్టేదని నవ్వుకున్నా, ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో ఈ కిట్లంత నగ్నంగా చూపించిన పరికరం ఇంకొకటి లేదు.

ప్రోగ్రాం చిప్పులో శాశ్వతంగా ఉండాలంటే ఈప్రామ్ అనే మెమరీ చిప్పు కావాలి. దాని నెత్తిమీద క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది. తప్పు దొర్లితే చిప్పు పీకి, అతినీలలోహిత దీపం కింద పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, ప్రోగ్రామర్ అనే వేరే యంత్రంలో మళ్లీ బర్న్ చేయాలి. చిప్పుతో పోలిస్తే ఆ సరంజామా ధర చాలా ఎక్కువ. అది కాలేజీకో కంపెనీకో ఉండేది తప్ప కుర్రాడి గదిలో ఉండేది కాదు.

చెరిపి రాసుకునే చిప్పులు

1993లో మైక్రోచిప్ కంపెనీ తెచ్చిన పిక్16సి84లో ప్రోగ్రాం మెమరీని విద్యుత్తుతోనే చెరపవచ్చు. కిటికీ, దీపం రెండూ అక్కర్లేకపోయాయి. ప్యారలల్ పోర్టుకు నాలుగు రెసిస్టర్లు, ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు తగిలించి ఇంట్లోనే ప్రోగ్రామర్ చేసుకునే నమూనాలు చేతులు మారాయి. అదే కాలంలో ఆట్మెల్ కంపెనీ 8051 మైక్రోకంట్రోలర్ వంశానికి ఫ్లాష్ మెమరీ జోడించి 89సి51 చేసింది. తెలుగు రాష్ట్రాల్లో బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టులకు ఈ చిప్పు చాలాకాలం మారుపేరుగా నిలిచింది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని సొంతంగా టంకం పెట్టుకున్నవారూ ఉన్నారు, అమీర్‌పేటలో తయారు ప్రాజెక్టు కొనుక్కుని వైవాకు వెళ్లినవారూ ఉన్నారు.

నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వేగార్డ్ వొల్లాన్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించిన ఏవీఆర్ నమూనాను కూడా ఆట్మెలే తీసుకుని 1996 నుంచి చిప్పులుగా అమ్మింది. సి భాషకు అనువుగా తీర్చిన ప్రాసెసర్, లోపలే ఫ్లాష్ మెమరీ, సర్క్యూట్‌లోంచి పీకకుండానే మళ్లీ ప్రోగ్రాం ఎక్కించే వీలు. తర్వాతి మెగా చిప్పులు తమ ఫ్లాష్‌ను తామే తిరగరాసుకోగలవు. బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాంను ఒక్కసారి లోపల పెడితే, ఆపైన వచ్చే ప్రోగ్రాంలను కంప్యూటర్‌కు కలిపే సీరియల్ తీగ మీదుగా అందుకుని మెమరీలో సర్దేస్తుంది. వేరే ప్రోగ్రామర్ యంత్రం అక్కర్లేదు. తర్వాత వచ్చిన ఆర్డుయినో బోర్డు పుట్టుకకు సాంకేతికమైన పునాది ఇదే.

ఇవ్రియా

ఇటలీ ఉత్తరాన ఇవ్రియా అనే చిన్న ఊరు టైప్‌రైటర్ల కంపెనీ ఒలివెట్టికి పుట్టినిల్లు. అక్కడి ఇంటరాక్షన్ డిజైన్ సంస్థలో చదివేది ఎలక్ట్రానిక్స్ వాళ్లు కాదు, డిజైనర్లు. వాళ్లకు అప్పట్లో దిక్కు పారలాక్స్ కంపెనీ 1992లో తెచ్చిన బేసిక్ స్టాంప్. వాడుక తేలికే కానీ ఒక్కోటి సుమారు 50 డాలర్లు, శక్తి అంతంత మాత్రం. కొలంబియా నుంచి వచ్చిన విద్యార్థి హెర్నాండో బరగాన్ 2003లో తన మాస్టర్స్ పరిశోధనగా వైరింగ్ అనే బోర్డునూ, దాని సాఫ్ట్‌వేర్‌నూ తయారు చేశాడు. కేసీ రియాస్, బెన్ ఫ్రై కళాకారుల కోసం చేసిన ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ దానికి ఒరవడి. పిన్ను వెలిగించాలంటే రిజిస్టర్ల లెక్కలు వద్దు, తేలిగ్గా చదవగల పేరున్న ఒక ఫంక్షన్ చాలన్నది అందులోని ఆలోచన.

2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్స్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో, డేవిడ్ మెల్లిస్ కలిసి వైరింగ్‌ను ఇంకా చౌకైన ఏటీమెగా8 చిప్పు మీదికి తెచ్చి ఆర్డుయినో అన్నారు. బాంజీ వెళ్లే ఒక బారు పేరు అది. బోర్డు ధర దాదాపు 30 డాలర్లు. ఇవ్రియా డిజైన్ సంస్థ మూతపడబోతోందని తెలిసి, పని అంతా వృథా కాకూడదని సర్క్యూట్ నమూనాలను అందరికీ తెరిచిపెట్టారు. నకలు చేసి అమ్ముకోవడానికి కూడా అనుమతి ఇచ్చినట్టే. ఈ నిర్ణయం ఇంజినీరింగ్ కంటే ఎక్కువ పని చేసిందని నా అంచనా. బరగాన్ పేరు మాత్రం ఆ ఐదుగురిలో లేదు. 2016లో ఆయన తన వైపు కథను బహిరంగంగా రాశాక గానీ చాలామందికి వైరింగ్ సంగతి తెలియలేదు.

2007 నాటి డియెచిమిలా బోర్డు దాకా ప్రోగ్రాం పంపే ముందు రీసెట్ బటన్‌ను చేత్తో నొక్కాలి. ఆ బోర్డుతో కంప్యూటరే రీసెట్ చేయడం మొదలైంది. 2010లో వచ్చిన ఊనో తర్వాతి ప్రమాణం: ఏటీమెగా328పీ చిప్పు, 16 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్. దాని మీద 7, 8 పిన్నుల మధ్య దూరం మిగతా వాటికి భిన్నంగా ఉంటుంది. తొలి బోర్డు గీసినప్పుడు జరిగిన పొరపాటు అది. సరిదిద్దితే అప్పటికే అమ్ముడైన అదనపు పలకలు కూర్చోవు కాబట్టి అలాగే ఉండిపోయింది. పోటీ కంపెనీల బోర్డులు సైతం ఆ తప్పును శ్రద్ధగా పాటిస్తున్నాయి.

అసలు బోర్డు కంటే నకళ్లే ఎక్కువ మందికి చేరాయి. యూఎస్‌బీ మార్పిడికి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పు ఖరీదనిపించి చైనా తయారీదార్లు దాని నకిలీలను, తర్వాత సీహెచ్340 అనే చౌక చిప్పును వాడారు. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన విండోస్ డ్రైవర్ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేయడంతో, బోర్డులు ఉన్నట్టుండి కంప్యూటర్‌కు కనబడకుండా పోయాయి. నకిలీ ఏదో ఎరగకుండా కొన్నవాళ్లు బలైన ఆ ఎత్తు ఎదురుతిరిగింది. కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కు తీసుకుంది.

ధర కుప్పకూలిన దశాబ్దం

చిప్పుల కంపెనీలకు విషయం బోధపడింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2010లో ఎంఎస్‌పీ430 లాంచ్‌ప్యాడ్‌ను 4 డాలర్ల 30 సెంట్లకు ఇచ్చింది. బోర్డు మీద లాభం కాదు, దాని మీద నేర్చుకున్న విద్యార్థి రేపు ఇంజినీరై తమ చిప్పునే ఎంచుకోవాలన్నది లెక్క. ఎస్‌టీ కంపెనీ డిస్కవరీ బోర్డులదీ అదే దారి.

2014లో వచ్చింది మాత్రం ఎవరూ ఊహించనిది. సింగపూర్ వాసి టియో స్వీ ఆన్ షాంఘైలో స్థాపించిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ చిప్పు ఈఎస్‌పీ8266తో, ఐదు డాలర్ల లోపే వైఫై మాడ్యూల్ దొరికింది. ఇతర బోర్డులకు వైఫై అందించే తోకగా దాన్ని అమ్మారు. పత్రాలన్నీ చైనీస్‌లో. ఔత్సాహికులు వాటిని అనువదించుకుని, తోకలోనే ఊనో కంటే శక్తిమంతమైన 32 బిట్ ప్రాసెసర్ ఉందని గ్రహించారు. ఇక ఊనో ఎందుకు? 2016లో వచ్చిన ఈఎస్‌పీ32 బ్లూటూత్‌ను కూడా కలుపుకుంది. మన దగ్గర పొలంలో మోటారును ఫోన్‌తో ఆడించే విద్యార్థి ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే చిప్పు ఇదే.

రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2021 జనవరిలో 4 డాలర్ల పికో విడుదల చేసింది. దీని ఆర్‌పీ2040 చిప్పులో రెండు ప్రాసెసర్లు, 264 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. ప్రోగ్రాం ఎక్కించే పని ఇక్కడ ఆఖరి మెట్టుకు వచ్చింది. బటన్ నొక్కి యూఎస్‌బీ తగిలిస్తే బోర్డు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలు లాగి అందులో వదిలితే చాలు. డేమియన్ జార్జ్ 2013లో మొదలుపెట్టిన మైక్రోపైథాన్ ఉంటే కంపైల్ చేయడం కూడా అక్కర్లేదు. పికో వచ్చిన మరుసటి ఏడు, సీహెచ్340 చేసిన నాన్‌జింగ్ కంపెనీయే రిస్క్-ఫైవ్ అనే బహిరంగ ప్రాసెసర్ ప్రమాణం మీద కట్టిన సీహెచ్32వీ003 మైక్రోకంట్రోలర్‌ను పది సెంట్ల స్థాయి ధరకు తెచ్చింది. చిప్పు కంటే దానికి తగిలించే తీగ ఖరీదైంది.

ఎఫ్‌పీజీఏ ఎందుకు వెనకబడింది

రాస్ ఫ్రీమన్, బెర్నార్డ్ వాండర్‌ష్మిట్, జేమ్స్ బార్నెట్ 1984లో స్థాపించిన జైలింక్స్ మరుసటి ఏడు ఎక్స్‌సి2064 పేరుతో మొదటి ఎఫ్‌పీజీఏను అమ్మింది. అందులో 64 లాజిక్ గడులు. తర్వాతి చిప్పుల్లో ప్రమాణంగా మారిన గడి గుండె నాలుగు ఇన్‌పుట్ల లుకప్ టేబుల్. నాలుగు ఇన్‌పుట్లకు పదహారు కలయికలు, ఒక్కో కలయికకు జవాబు ఒక్కో బిట్టు. ఆ పదహారు బిట్లు మారిస్తే గడి ఏ లాజిక్‌కైనా మారుతుంది. చాలా ఎఫ్‌పీజీఏల్లో ఈ బిట్లు కరెంటు పోగానే చెరిగిపోతాయి కాబట్టి పక్కన ఫ్లాష్ చిప్పు పెట్టి, ఆన్ చేసిన ప్రతిసారీ అందులోంచి నింపుతారు.

చిప్పులను మళ్లీ మళ్లీ మార్చుకునే గుణం ఎఫ్‌పీజీఏకు పుట్టుకతోనే ఉంది. చౌక మైక్రోకంట్రోలర్లకు అది రావడానికి 1993 దాకా పట్టింది. అయినా ఔత్సాహికుల బల్ల మీదికి ఎఫ్‌పీజీఏ ఆలస్యంగా వచ్చింది. అడ్డు సాఫ్ట్‌వేర్. వెరిలాగ్ భాషలోనో వీహెచ్‌డీఎల్ భాషలోనో రాసిన వర్ణనను చిప్పులోకి ఎక్కే బిట్ల వరసగా, అంటే బిట్‌స్ట్రీమ్‌గా మార్చే ఉపకరణాలు కంపెనీల గుప్పిట్లో ఉండేవి. ఏ బిట్టు ఏ గడిదో బయటపెట్టేవారు కాదు. 1990ల నడుమ జైలింక్స్ ఎక్స్‌సి6200 అనే చిప్పు బిట్ల అమరికను ప్రకటించింది గానీ, ఆ చిప్పునే కొద్ది కాలానికి ఆపేసింది.

ధరల వైపు కొంత కదలిక వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని పుల్‌మన్‌లో 2000లో మొదలైన డిజిలెంట్ కంపెనీ స్పార్టాన్-3 స్టార్టర్ కిట్‌ను 99 డాలర్లకు తెచ్చింది. అదే కంపెనీ బేసిస్, నెక్సిస్ బోర్డులు, టెరాసిక్ వారి డీఈ0-నానో కాలేజీలకు చేరాయి. కంపెనీలు సాఫ్ట్‌వేర్ పరిమిత రూపాన్ని ఉచితం చేశాయి, కానీ అది గిగాబైట్ల కొద్దీ బరువు. జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ కేంద్రం ఉండేది (2022లో కంపెనీని ఏఎండీ కొనేశాక అదీ వారిదే). అయినా ఇక్కడి విద్యార్థుల్లో చాలామందికి ఎఫ్‌పీజీఏ అంటే తెర మీద సిమ్యులేషన్ తరంగాలే, చేతిలో పట్టుకున్నది తక్కువ.

గోడ 2015లో పగిలింది. ఆస్ట్రియాకు చెందిన క్లేర్ వుల్ఫ్, సహచరులు కలిసి లాటిస్ కంపెనీ ఐస్40 చిప్పును ఎంచుకున్నారు. చిన్న చిన్న సర్క్యూట్లు తయారుచేసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బిట్‌స్ట్రీమ్‌లను ఒకదానితో ఒకటి పోల్చి, ఏ బిట్టు దేన్ని కదిలిస్తుందో పట్టిక కట్టారు. ప్రాజెక్ట్ ఐస్‌స్టార్మ్ అదే. వుల్ఫ్ అంతకుముందే రాసిన యోసిస్ అనే వెరిలాగ్ ఉపకరణంతో కలిపి వెరిలాగ్ నుంచి బోర్డు దాకా మొదటిసారి పూర్తి ఓపెన్ సోర్స్ దారి పడింది. ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల పని, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సైతం నడుస్తుంది. 1280 లాజిక్ గడుల ఐస్‌స్టిక్ అనే పెన్‌డ్రైవ్ లాంటి బోర్డుకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. వెనకే టైనీఎఫ్‌పీజీఏ, యూఎస్‌బీ సాకెట్‌లో మునిగిపోయే ఫోము, క్రొయేషియా నుంచి యూఎల్ఎక్స్3ఎస్ వచ్చాయి. చైనా కంపెనీ గోవిన్ చిప్పుతో సిపీడ్ చేసిన తొలి టాంగ్ నానో ఐదు డాలర్ల దరిదాపుల్లో దొరికింది.

తొలి అడుగులు

రెండు దారుల్లోనూ మొదటి పాఠం ఎల్ఈడీని ఆర్పి వెలిగించడమే. తేడా అక్కడే తెలుస్తుంది. ఊనోలో వెలిగించు, ఆగు, ఆర్పు, ఆగు అని వరసగా రాస్తాం. ఎఫ్‌పీజీఏలో ‘ఆగు’ అనేది లేదు. ఐస్‌స్టిక్ క్లాక్ సెకనుకు కోటీ ఇరవై లక్షల సార్లు కొట్టుకుంటుంది. 24 బిట్ల కౌంటర్ కట్టి దాని పై బిట్టును ఎల్ఈడీకి తగిలిస్తే, 1.4 సెకన్లకొకసారి వెలిగి ఆరుతుంది. సి భాష అలవాటైనవారు వెరిలాగ్‌ను ప్రోగ్రాంలా చదివి తికమకపడేది ఇక్కడే. అందులో రాసిన వరసలన్నీ ఏకకాలంలో పనిచేసే సర్క్యూట్ ముక్కలు. అందుకే మైక్రోకంట్రోలర్‌తో మొదలుపెట్టి, అది అందుకోలేని వేగమో సమాంతర పనో ఎదురైనప్పుడు ఎఫ్‌పీజీఏకు వెళ్లడం మేలు.

బోర్డులు కాలిపోయేది ఎక్కువగా వోల్టేజి దగ్గర. ఊనో పిన్నులు 5 వోల్టులవి, పికో, ఈఎస్‌పీ32, చాలా ఎఫ్‌పీజీఏలు 3.3 వోల్టులవి. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సార్ 5 వోల్టుల జవాబు పంపుతుంది, రెండు రెసిస్టర్లతో దాన్ని తగ్గించి ఇవ్వాలి. మోటారును నేరుగా పిన్నుకు తగిలించకూడదు, డ్రైవర్ సర్క్యూట్ ఉండాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుల్ పెట్టుకుని బోర్డు పాడైందనుకోవడం కూడా మామూలే.

మన దేశంలో 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం ఆరో తరగతి పిల్లల చేతికే ఈ బోర్డులను ఇచ్చింది. ఐఐటీ మద్రాస్ తన శక్తి ప్రాసెసర్లను డిజిలెంట్ ఆర్టీ ఏ7 ఎఫ్‌పీజీఏ బోర్డు మీద నడిపి చూసుకునేలా అందించింది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-డాక్ సొంత వేగా ప్రాసెసర్‌తో చేసిన తేజస్32 చిప్పును ఏరీస్ బోర్డుల మీద పెట్టి అమ్ముతోంది, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తోనే దానికి ప్రోగ్రాం ఎక్కించవచ్చు. ఆ ఆర్డుయినోను కొంటున్నట్టు క్వాల్‌కామ్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అదే రోజు విడుదలైన ఊనో క్యూ బోర్డులో లైనక్స్ నడిపే ప్రాసెసర్, మైక్రోకంట్రోలర్ పక్కపక్కనే ఉన్నాయి. 7, 8 పిన్నుల మధ్య ఎడం ఇప్పటికీ తీరలేదు.