మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలోని ఏనుగు

భారత పదాతిదళంలోని మద్రాస్ రెజిమెంట్ సైనికులు టోపీపై ధరించే చిహ్నంలో డాలు మీద నిలిచిన ఏనుగూ, ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉండి మొనలు పైకి చూపే రెండు కత్తులూ ఉంటాయి. ఏనుగు అనగానే తెలుగు పాఠకునికి గజపతుల బిరుదమో, చతురంగ బలాలలోని గజబలమో స్ఫురించడం సహజమే గాని, దీని పుట్టుక వేరు.

1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే గ్రామం వద్ద, ఆర్థర్ వెల్లెస్లీ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన కైత్నా నదిని దాటి, దౌలత్‌రావ్ సింధియా, నాగపూర్ భోంస్లేల ఉమ్మడి సేనను ఎదుర్కొని ఓడించింది. గెలిచిన పక్షంలోనే హతులూ క్షతగాత్రులూ కలిపి 1,500 మందికి పైబడ్డారు. ఆ సేనలో రెండు స్కాటిష్ పటాలాలున్నా, అధిక సంఖ్యాకులు మద్రాస్ సైన్యపు సిపాయిలే. తమిళ, తెలుగు ప్రాంతాల నుండి మనుషులను చేర్చుకున్న సైన్యమది. వారిలోని తెలుగువారి మూలంగానే ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడింది.

ఆ ఏడాదే గవర్నర్ జనరల్, ఆర్థర్‌కు అన్న అయిన రిచర్డ్ వెల్లెస్లీ, పోరాడిన దళాలకు గౌరవ పతాకాలు, అనగా మామూలు ధ్వజాలకు అదనంగా యుద్ధస్మృతిని మోసే ప్రత్యేక ధ్వజాలు, మంజూరు చేశాడు. విజయసూచకంగా వచ్చిన ఏనుగు అటు స్కాట్లండ్ పటాలాల చిహ్నాలకూ, ఇటు మద్రాస్ దళాల చిహ్నాలకూ చేరింది. దక్షిణాదివారు ‘యుద్ధజాతులు’ కారన్న అన్యాయమైన సిద్ధాంతమూ, ఖర్చు తగ్గింపూ కలిసి 1928 నాటికి మద్రాస్ రెజిమెంటును రద్దు చేయించినా, రెండవ ప్రపంచయుద్ధ అవసరం 1941లో దానిని మళ్ళీ నిలబెట్టింది.

స్వాతంత్ర్యానంతరం, భారతీయులపై విదేశీ పాలకుల కోసం గెలిచిన యుద్ధాల బిరుదాలను, అంటే పతాకంపై రాసుకొనే యుద్ధనామాలను, గౌరవంగా చాటుకోరాదని సైన్యం నిర్ణయించగా, అస్సాయే ఆ కోవలో చేరింది. ఏనుగు మాత్రం మిగిలింది. ఈ తేడా ఉచితమైనదే, ఎందుకంటే యుద్ధ లక్ష్యం కంపెనీది అయినా, అక్కడ చూపిన స్థైర్యం సిపాయిలది. నేడు రెజిమెంటు నినాదం భగవద్గీత మూడవ అధ్యాయం 35వ శ్లోకం నుండి తీసుకున్నది; స్వధర్మాన్ని పాటిస్తూ మరణించడమే మేలని దాని భావం. రెజిమెంటు శిక్షణ కేంద్రం ఉన్న నీలగిరుల్లోని వెల్లింగ్టన్ పట్టణానికి మాత్రం, తరువాతి కాలంలో వెల్లింగ్టన్ డ్యూక్ అయిన ఆ ఆర్థర్ వెల్లెస్లీ పేరే నేటికీ ఉంది.