ఎగ్జాస్టు ఫ్యాను వాయు ప్రవాహ సామర్థ్యం

ఎగ్జాస్టు ఫ్యాను వాయు ప్రవాహ సామర్థ్యం అనగా ఆ ఫ్యాను నిర్ణీత కాలంలో తరలించగల గాలి ఘనపరిమాణం. దీనిని గంటకు ఘనపు మీటర్లలో గాని, నిమిషానికి ఘనపు అడుగులలో (సి.ఎఫ్.ఎం.) గాని తెలుపుతారు. ఒక సి.ఎఫ్.ఎం. గంటకు సుమారు 1.7 ఘనపు మీటర్లకు సమానం. లేతు, వెల్డింగు, వడ్రంగం, రంగుల పని జరిగే వర్క్‌షాపులకు ఫ్యానును ఎంచుకొనేటపుడు ఈ అంకెను ప్రధానంగా చూస్తారు. అయితే ఫ్యాను పెట్టెపై ముద్రించిన సామర్థ్యము, ఫ్యానును బిగించిన తరువాత లభించే ప్రవాహము ఒకటి కావు.

కొలిచే విధానం

ఫ్యాను ముందు, వెనుక ఎట్టి అడ్డంకి లేనపుడు లభించే గరిష్ఠ ప్రవాహాన్ని స్వేచ్ఛా వాయు ప్రవాహం అంటారు. సాధారణంగా పెట్టెపై ఉండేది ఈ అంకెయే. గొట్టం, జాలీ, వడపోత వంటివి గాలికి నిరోధం కలిగిస్తాయి. ఈ నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన పీడనాన్ని పాస్కల్‌లలో గాని, నీటిమట్టం మిల్లీమీటర్లలో గాని కొలుస్తారు. నిరోధం పెరిగినకొద్దీ ప్రవాహం ఎలా తగ్గుతుందో చూపే రేఖాచిత్రాన్ని ఫ్యాను వక్రరేఖ అంటారు. ప్రొపెల్లరు తరహా ఏ.సి. వెంటిలేషను ఫ్యాన్లకు భారత ప్రమాణం ఐ.ఎస్. 2312 (1967), పారిశ్రామిక వాయు ప్రసరణకు ఐ.ఎస్. 3103 (1975) రూపొందాయి.

అవసరమైన ప్రవాహం

గది ఘనపరిమాణాన్ని, గంటకు గాలి ఎన్నిసార్లు మారవలెనో ఆ సంఖ్యతో గుణిస్తే కావలసిన ప్రవాహం వస్తుంది. ఉదాహరణకు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 120 ఘనపు మీటర్లు. గంటకు 15 సార్లు గాలి మారవలెనన్న గంటకు 1800 ఘనపు మీటర్లు, అనగా సుమారు 1060 సి.ఎఫ్.ఎం. అవసరం. ఇదే అంకె పెట్టెపై ఉన్న ఫ్యానును కొని, నిరోధం వలన అది 1200 ఘనపు మీటర్లు మాత్రమే తరలిస్తే గాలి 10 సార్లే మారుతుంది. ఒకసారి గాలి మారినంత మాత్రాన పాత గాలి అంతా పోదు. గాలి పూర్తిగా కలిసిపోయే గదిలో అప్పటికి ఇంకా 37 శాతం పాత గాలి మిగిలియుంటుంది.

ప్రవాహం తగ్గడానికి కారణాలు

* సన్నని గొట్టం: అదే ప్రవాహానికి గొట్టం వ్యాసాన్ని సగం చేస్తే పీడన నష్టం సుమారు 32 రెట్లు అవుతుంది.
* వంపులు, దుమ్ము పట్టిన జాలీలు, సరిగా తెరుచుకోని షట్టర్లు.
* వేగం తగ్గించడం: వేగం సగమైతే ప్రవాహం సగానికి, పీడనం నాలుగవ వంతుకు పడిపోతాయి.
* గాలి లోపలికి వచ్చే దారి చాలకపోవడం.

పై ఉదాహరణలోని ప్రవాహం సెకనుకు 0.5 ఘనపు మీటర్లు. గాలి సెకనుకు 1 మీటరు వేగంతో లోపలికి రావలెనన్న 0.5 చదరపు మీటర్ల ద్వారం ఉండాలి. ఆ దారి ఫ్యానుకు ఎదురుగా ఉండటం మంచిది. ఫ్యాను పక్కనే కిటికీ తెరిస్తే ఆ గాలియే తిరిగి బయటకు పోతుంది. తలుపులన్నీ మూసియుంచితే, గదిలోని కొలిమి పొగగొట్టం నుండి కార్బన్ మోనాక్సైడ్ వెనుదిరిగి లోపలికి వచ్చే ప్రమాదం కూడా ఉంది.

పొగ పుట్టే చోట

పెద్ద ఫ్యాను ఉన్నంత మాత్రాన వెల్డరుకు రక్షణ లభించదు. పీల్చే ద్వారం నుండి దాని వ్యాసమంత దూరంలో గాలి వేగం ద్వారం వద్ద ఉన్నదానిలో సుమారు పదవ వంతుకు పడిపోతుంది. కనుక పొగను అది పుట్టిన చోటనే, ద్వారాన్ని దగ్గరగా పెట్టి లాగాలి. పొగ పనివాని ముఖం మీదుగా పోకుండా చూడాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగలను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

జాగ్రత్తలు

థిన్నరు ఆవిరులు మండే స్వభావం గలవి. రంగులు వేసే గదిలో సాధారణ మోటారు నిప్పురవ్వ పేలుడుకు దారితీయవచ్చు కనుక మంటనిరోధక మోటారు వాడాలి. ఫ్యాను బిగించిన తరువాత గాలి వేగాన్ని ఎనిమోమీటరుతో పలుచోట్ల కొలిచి, సగటును ద్వార వైశాల్యంతో గుణిస్తే అసలు ప్రవాహం తెలుస్తుంది. పెట్టెపై అంకె కంటే ఈ కొలతయే నమ్మదగినది.