నింటెండో స్విచ్ 2లో కొత్త మోడల్ ఎప్పుడు? ఏం మారొచ్చు? ఇప్పుడే కొనాలా.. ఆగాలా?

స్విచ్ 2 కొనాలనుకునే ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ ఒకటే.. "ఇప్పుడు కొన్నాక కొన్ని నెలలకే ఇంతకంటే మంచి మోడల్ వస్తే ఎలా?". ఈ భయం ఉత్తిదేం కాదు. 2019లో మొదటి స్విచ్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పేరు మారలేదు, ధర మారలేదు, చూడ్డానికి కన్సోల్ కూడా అలాగే అనిపించింది. కానీ లోపల చిప్ మారిపోయింది. బ్యాటరీ గంటల తరబడి ఎక్కువ వచ్చింది. అంతకుముందు నెలలో కొన్నవాళ్లు మాత్రం పాతదానితోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

మరి స్విచ్ 2 విషయంలో ఏం జరగొచ్చు? నింటెండో పాత లెక్కలు ఏం చెబుతున్నాయి? యూరప్‌లో రాబోతున్న ఒక బ్యాటరీ రూల్‌కు దీనితో సంబంధం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

స్విచ్ 2 అంటే ఏంటి?

ఇది హైబ్రిడ్ కన్సోల్. చేతిలో పట్టుకుని ఆడొచ్చు, ఇంటికొచ్చాక డాక్‌లో పెడితే టీవీలో ఆడొచ్చు. 2025 జూన్ 5న విడుదలైంది. అమెరికాలో లాంచ్ ధర 449.99 డాలర్లు. అంటే మన కరెన్సీలో పన్నులు కాకుండా దాదాపు 40 వేల రూపాయలు. 7.9 అంగుళాల ఎల్‌సీడీ స్క్రీన్, 1080పీ రిజల్యూషన్, 120 హెర్ట్జ్ రిఫ్రెష్ రేట్, 256 జీబీ స్టోరేజ్ ఇచ్చారు. డాక్‌లో పెడితే టీవీలో 4కే వరకు వస్తుంది. రిలీజైన 4 రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 2025 సెప్టెంబర్ చివరికి ఆ సంఖ్య కోటి దాటింది.

ఇంత బాగా అమ్ముడవుతున్నప్పుడు కంపెనీకి కొత్త మోడల్ తేవాల్సిన తొందర ఏముంటుంది? పైకి చూస్తే ఏమీ లేదు. కానీ నింటెండో అలవాటు వేరు.

మొదటి స్విచ్ మూడుసార్లు ఎలా మారింది?

మొదటి స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. ఆ తర్వాత మార్పులు ఇలా జరిగాయి.

మొదటిది 2019 ఆగస్టులో.. చప్పుడు లేని మార్పు. పాత 20 నానోమీటర్ల చిప్ స్థానంలో 16 నానోమీటర్ల చిప్ వచ్చింది. చిప్ చిన్నదైతే కరెంటు తక్కువ తాగుతుంది. దాంతో రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వచ్చే బ్యాటరీ, నాలుగున్నర నుంచి 9 గంటలకు పెరిగింది. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ లాంటి పెద్ద గేమ్ పాతదాంట్లో 3 గంటలు ఆడితే, కొత్తదాంట్లో ఐదున్నర గంటలు ఆడొచ్చు. ధర మాత్రం అదే 299.99 డాలర్లు.

రెండోది 2019 సెప్టెంబర్ 20న వచ్చిన స్విచ్ లైట్. 5.5 అంగుళాల చిన్న స్క్రీన్, 199.99 డాలర్ల ధర. కంట్రోలర్లు విడిగా ఊడిరావు, టీవీకి కనెక్ట్ చేయలేం. అంటే పేరులో స్విచ్ ఉన్నా, హైబ్రిడ్ కాదు.

మూడోది 2021 అక్టోబర్ 8న వచ్చిన ఓలెడ్ మోడల్. 7 అంగుళాల ఓలెడ్ స్క్రీన్, 64 జీబీ స్టోరేజ్, వెనక వెడల్పాటి స్టాండ్, డాక్‌లో లాన్ పోర్ట్ ఇచ్చారు. ధర 349.99 డాలర్లు. చిప్ పవర్ మాత్రం పెరగలేదు.

మూడింట్లో కామన్ పాయింట్ గమనించారా? బ్యాటరీ మారింది, సైజు మారింది, స్క్రీన్ మారింది. గేమ్‌లు ఇంకా వేగంగా ఆడే 'ప్రో' మోడల్ మాత్రం ఒక్కసారీ రాలేదు.

'స్విచ్ ప్రో' పుకారు నేర్పిన పాఠం

2021 మార్చిలో బ్లూమ్‌బర్గ్ ఒక కథనం ఇచ్చింది. శాంసంగ్ తయారుచేసే 7 అంగుళాల ఓలెడ్ స్క్రీన్‌తో కొత్త స్విచ్ వస్తుందని, టీవీలో 4కే కూడా ఉంటుందని అందులో ఉంది. ఆన్‌లైన్‌లో 'స్విచ్ ప్రో' అంటూ ఒకటే హడావుడి నడిచింది. తీరా 2021 జులైలో నింటెండో ప్రకటించాక చూస్తే స్క్రీన్ మాట నిజమైంది, 4కే మాట మాత్రం కాలేదు.

దీన్నుంచి తెలుసుకోవాల్సింది ఏంటంటే.. స్క్రీన్, బ్యాటరీ లాంటి విడిభాగాల గురించి ఫ్యాక్టరీల నుంచి వచ్చే లీకులకు కొంత విలువ ఉంటుంది. పెర్ఫార్మెన్స్ గురించి వచ్చేవాటిని మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించి నమ్మాలి.

అలాగని నింటెండో ఎప్పుడూ పవర్ పెంచలేదని కాదు. 2014లో జపాన్‌లో వచ్చిన న్యూ 3డీఎస్‌లో ప్రాసెసర్ వేగం పెంచింది. కానీ ఆ కొత్త పరికరంలో మాత్రమే ఆడే గేమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చాయి. పాత మోడల్ కొన్న కోట్ల మందిని వదిలేసి గేమ్ చేయడానికి ఏ స్టూడియో అయినా ఎందుకు ఇష్టపడుతుంది? ఆ లెక్క స్విచ్ 2కీ వర్తిస్తుంది.

స్విచ్ 2లో ఎక్కడ మార్పు అవసరం?

ముందు బ్యాటరీ. 5220 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నా, కంపెనీ చెప్పే టైమ్ 2 నుంచి ఆరున్నర గంటలే. 2017 నాటి మొదటి స్విచ్‌కు కూడా కనీసం రెండున్నర గంటలు ఉండేది. అంటే బరువైన గేమ్‌ల దగ్గర ఇది ఎనిమిదేళ్ల కిందటి మోడల్ కంటే వెనకే ఉంది. ఎన్విడియా చేసిన ఈ చిప్ శాంసంగ్ 8 నానోమీటర్ల శ్రేణి టెక్నాలజీతో తయారైందని దాన్ని విప్పి చూసిన నిపుణులు విశ్లేషించారు. ఇది ఇప్పటి లెక్కల్లో పాత పద్ధతే. ఇంకా చిన్న చిప్‌కు మారితే 2019లో జరిగిన మ్యాజిక్ మళ్లీ జరగొచ్చు.

తర్వాత స్క్రీన్. 120 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ ఉన్నా, వేగంగా కదిలే సీన్లలో బొమ్మ మసకబారినట్టు కనిపిస్తోందని పలు రివ్యూలు చెప్పాయి. ఓలెడ్ వస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. వాల్వ్ కంపెనీ 2023 నవంబర్‌లో తెచ్చిన స్టీమ్ డెక్ ఓలెడ్ మోడల్ దీనికి మంచి ఉదాహరణ. చిప్‌ను 7 నుంచి 6 నానోమీటర్లకు మార్చారు, బ్యాటరీ పెంచారు, ఓలెడ్ పెట్టారు. గేమింగ్ పవర్ దాదాపు అంతే ఉన్నా, వాడకంలో మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది.

మూడోది రిపేర్. పరికరాలను విప్పి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ స్విచ్ 2కు 10కి 3 మార్కులే ఇచ్చింది. బ్యాటరీని గట్టి జిగురుతో అతికించడం అందుకు ఒక కారణం. కొత్త జాయ్‌కాన్ 2 స్టిక్‌లలో కూడా అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ టెక్నాలజీ లేదు. చెయ్యి పెట్టకుండానే స్టిక్ దానంతటదే కదిలే 'డ్రిఫ్ట్' సమస్య మళ్లీ వస్తుందేమోనన్న అనుమానం అందుకే పోలేదు.

డెడ్‌లైన్ పెట్టింది నింటెండో కాదు.. యూరప్!

అసలు విషయం ఇక్కడుంది. యూరోపియన్ యూనియన్ 2023లో కొత్త బ్యాటరీ చట్టం చేసింది. అందులోని ఒక నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వస్తుంది. దాని ప్రకారం చిన్న ఎలక్ట్రానిక్ పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్లే సులువుగా తీసి మార్చుకునేలా ఉండాలి. మార్కెట్‌లో దొరికే మామూలు టూల్స్ సరిపోవాలి. వేడి పెట్టి జిగురు కరిగించడం, కెమికల్స్ వాడటం లాంటివి అవసరం పడకూడదు. ఆ మోడల్ చివరి పీస్ మార్కెట్‌లోకి వచ్చాక కూడా కనీసం 5 ఏళ్లు బ్యాటరీలు విడిగా దొరకాలి.

ఇప్పుడున్న స్విచ్ 2 డిజైన్ ఈ రూల్‌కు సరిపోయేలా లేదు. యూరప్ లాంటి పెద్ద మార్కెట్‌ను ఏ కంపెనీ వదులుకోదు. కాబట్టి లోపలి డిజైన్‌లో మార్పు రావడానికి బలమైన కారణం ఇదే.

పాత క్యాలెండర్‌తో పోల్చి చూద్దాం. మొదటి స్విచ్‌లో చప్పుడు లేని మార్పు 29 నెలలకు వచ్చింది. లైట్ 30 నెలలకు, ఓలెడ్ 55 నెలలకు వచ్చాయి. అదే లెక్క స్విచ్ 2కు వేస్తే మొదటి మార్పు 2027 నవంబర్‌లో, లైట్ 2027 డిసెంబర్‌లో, ఓలెడ్ 2030 జనవరిలో రావాలి. కానీ చట్టం గడువు స్విచ్ 2 వచ్చిన 20 నెలలకే పడుతోంది. అంటే ఈసారి మొదటి మార్పు పాత లెక్క కంటే ముందే రావొచ్చు.

ఆ మార్పు యూరప్‌కే పరిమితం అవుతుందా, ప్రపంచమంతా వస్తుందా? రెండు దేశాలకు రెండు డిజైన్లు చేయడం ఖర్చుతో కూడిన పని. ఛార్జర్ల విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. యూరప్ రూల్ 2024 డిసెంబర్ చివర్లో అమల్లోకి వచ్చింది. యాపిల్ అంతకు ఏడాది ముందే, 2023లో ఐఫోన్ 15తో అన్ని దేశాల్లోనూ యూఎస్‌బీ-సీ పోర్ట్ పెట్టేసింది. నింటెండో కూడా అదే దారిలో వెళ్తుందన్న గ్యారెంటీ లేదు కానీ, ఛాన్స్ మాత్రం ఉంది.

ఏ మోడల్ వచ్చే అవకాశం ఎంత?

బ్యాటరీ మార్చుకునే డిజైన్: అవకాశం చాలా ఎక్కువ. కారణం చట్టమే.

చిన్న చిప్‌తో ఎక్కువ బ్యాటరీ టైమ్: అవకాశం ఉంది, కాకపోతే టైమ్ పట్టొచ్చు. చిప్‌ను కొత్త పద్ధతికి మార్చాలంటే డిజైన్ మళ్లీ చేయాలి. అది చిన్న ఖర్చు కాదు.

స్విచ్ 2 లైట్: అవకాశం ఉంది. పాత లైట్ ధర అసలు మోడల్‌లో మూడింట రెండు వంతులు. అదే నిష్పత్తి వేస్తే 300 డాలర్ల దగ్గర ఉండాలి. కానీ జాయ్‌కాన్ 2ను మౌస్‌లా వాడే గేమ్‌లకు కంట్రోలర్ విడిగా రావాలి. అది ఊడిరాని లైట్‌లో ఈ చిక్కును ఎలా విప్పుతారన్నది ఆసక్తికరమే.

ఓలెడ్: వస్తే అమ్మకాలు కాస్త నెమ్మదించాకే. ఇప్పుడే తెచ్చి సొంత మోడల్‌కే పోటీ పెట్టుకోవాల్సిన అవసరం కంపెనీకి లేదు.

ఎక్కువ పవర్‌తో 'స్విచ్ 2 ప్రో': అవకాశం చాలా తక్కువ.

ధర తగ్గుతుందా? దీని మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. స్విచ్ 2లో 12 జీబీ ర్యామ్ ఉంది. పైగా 2025 ఆగస్టులో అమెరికాలో ఎనిమిదేళ్ల పాత స్విచ్ ధరనే నింటెండో పెంచింది. కన్సోల్ పాతబడితే చవకవుతుందన్న రోజులు పోయాయి.

మన దగ్గర కొనేవాళ్లు ఏం చూడాలి?

నింటెండో మన దేశంలో కన్సోళ్లను అధికారికంగా అమ్మదు. ఇంపోర్ట్ చేసే షాపుల్లో కొనాలి, లేదంటే అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చే బంధువులతో తెప్పించుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదు. అందుకే బ్యాటరీ మార్చుకునే డిజైన్ వస్తే ఎక్కువ లాభం మనలాంటి వాళ్లకే. లిథియం బ్యాటరీ ఏటేటా బలం కోల్పోతుంది. నాలుగైదేళ్ల తర్వాత జిగురు కరిగించి తీసే రిస్క్ లేకుండా, స్క్రూడ్రైవర్‌తో పని అయిపోతే ఆ కన్సోల్ ఇంకో నాలుగేళ్లు నడుస్తుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు తప్పకుండా చెక్ చేయండి.

మొదటిది మోడల్ నంబర్. ఇప్పటి స్విచ్ 2 నంబర్ బీఈఈ-001. మొదటి స్విచ్ నంబర్ హెచ్‌ఏసీ-001 ఉండగా, 2019లో మారిన మోడల్‌కు చివర్లో బ్రాకెట్‌లో -01 అని చేర్చారు. స్విచ్ 2కూ చప్పుడు లేకుండా మార్పు జరిగితే తేడా ఇలాంటి చోటే కనిపించొచ్చు. షాపువాళ్లు పాత స్టాక్‌ను కొత్తదని అంటగట్టకుండా ఇది కాపాడుతుంది.

రెండోది జపాన్ వెర్షన్. జపాన్‌లో 49,980 యెన్‌లకు లాంచ్ చేసిన స్విచ్ 2 చవకే. కానీ అందులో జపనీస్ భాష తప్ప ఇంకోటి రాదు, జపాన్ అకౌంట్ మాత్రమే పనిచేస్తుంది. 'చాలా తక్కువకే ఇస్తున్నాం' అని ఎవరైనా అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంతకీ కొనాలా.. ఆగాలా?

ఎక్కువగా టీవీకి పెట్టి ఆడేవాళ్లకు ఆగాల్సిన పనిలేదు. డాక్‌లో ఉన్నప్పుడు బ్యాటరీతో, ఓలెడ్ స్క్రీన్‌తో పనేముంది? రాబోయే మార్పుల్లో టీవీలో కనిపించే తేడా దాదాపు ఉండదు.

బస్సులో, ట్రైన్‌లో, హాస్టల్‌లో చేతిలో పట్టుకునే ఆడేవాళ్లు మాత్రం తొందరపడకపోవడమే మంచిది. మారబోయేవన్నీ వాళ్లకు పనికొచ్చేవే. కనీసం 2027 ఫిబ్రవరి గడువు నాటికి నింటెండో ఏం చేస్తుందో చూసి నిర్ణయం తీసుకోవచ్చు.

ఇక ప్రో మోడల్ కోసమే ఎదురుచూస్తున్నవాళ్లకు ఒక్కటే మాట. మొదటి స్విచ్‌తో అలా ఎదురుచూసినవాళ్లకు అసలైన పవర్ అప్‌గ్రేడ్ ఎనిమిదేళ్లకు, స్విచ్ 2 రూపంలో వచ్చింది. అంత ఓపిక ఉంటే సరే. లేదంటే ఉన్నదాంతో గేమ్ మొదలుపెట్టేయడమే బెటర్.