బడి సమాచారం: అందరికీ అందుబాటు (మదనపల్లె–కుప్పం ప్రాంతం)

అందుబాటు అంటే ప్రభుత్వ విద్యకు చెందిన పాఠాలు, నోటీసులు, దరఖాస్తులు చదువురాని తల్లిదండ్రులకూ, చూపు, వినికిడి లోపమున్నవారికీ, తెలుగు మాతృభాష కానివారికీ అర్థమయ్యేలా అందించడం. సదుం, పుంగనూరు, మదనపల్లెల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. రెండు రాష్ట్రాల సరిహద్దున ఉన్న కుప్పంలో తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. తెలుగు నోటీసు ఒక్కటే సరిపోదు.

ఈ ప్రాంతంలో మేలైన ఉదాహరణ మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం. పద్మనాభరావు, రమ దంపతులు 1980లలో మొదలుపెట్టిన ఈ కృషిలో పాఠ్యపుస్తకం చిన్న కార్డులుగా మారింది. కార్డు మీదున్న బొమ్మ గుర్తే గోడమీది 'అభ్యసన నిచ్చెన'లోనూ ఉంటుంది. ఇంకా అక్షరాలు రాని పిల్ల సైతం తాను ఏ మెట్టు మీదుందో, తర్వాత ఏ కార్డు తీయాలో ఎవరినీ అడగకుండా తెలుసుకుంటుంది. పల్లె బడికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి అరుదు. కేంద్రం జరిపే మెట్రిక్ మేళాల్లో తల్లులు కూడా పిల్లలతో కలిసి కొలతలు, తూకాలు చేస్తారు. కర్ణాటకలోని 'నలి కలి' కార్యక్రమం (1995), ఆపై చెన్నై కార్పొరేషన్ బడులు ఈ దారినే అందుకున్నాయి.

అయితే బొమ్మ గుర్తులు చూపులేని పిల్లలకు అందవు. వారికి బ్రెయిలీ, ఆడియో కావాలి. సమాచారాన్ని అందుబాటు రూపాల్లో ఇవ్వడం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ బాధ్యత. ఇక భాష విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండో అధికార భాష.